దక్షిణనాయకుని వెనకటి కథ

ప్రబంధాల మీద మన సాహిత్యలోకంలో రెండు రకాల తీర్పులు చాలాకాలంగా చలామణీలో వున్నాయి. ఒకటి: అవి స్వర్ణయుగపు సొత్తు గనక వాటిని పూజించాలి. రెండు: అవి భూస్వామ్యపు చెత్త గనక వాటిని పారవెయ్యాలి. మొదటి తీర్పు చెప్పేవారు వాటిని చదివినా ప్రశ్నించరు. రెండవ తీర్పు చెప్పేవారు ప్రశ్నిస్తారు గాని చదవరు. అభ్యుదయ దృక్పథం కలవాళ్ళం మనం ఈ రెండో తప్పులోకి తరచు జారిపోతూ వుంటాం. నా ఉద్దేశంలో రెండూ ఒకే పనికి ఉపయోగపడతాయి. ఆ కావ్యాలలో దాగివున్న అసలు విషయాన్ని ఎవరూ తవ్వి తీయకుండా చేస్తాయి.

ఆ అసలు విషయం ఏమిటో చెప్పడానికి రెండు కావ్యాలు తీసుకుంటాను. రెండూ మా సీమతో ముడిపడినవే. ఒకటి అల్లసాని పెద్దన మనుచరిత్ర. కృష్ణదేవరాయలు ఇచ్చిన అగ్రహారాలలో మొదట చెప్పుకొనేది కడప జిల్లాలోని కోకటం. రాయలు పోయిన తరువాత పెద్దన చెప్పినదిగా ప్రచారంలో వున్న చాటుపద్యం కూడా ఆ ఊరి పేరే ముందు తలచుకుంటుంది. రెండవది పింగళి సూరన కళాపూర్ణోదయం. దానిని అంకితం తీసుకున్నవాడు ఆరవీటివారి శాఖకు చెందిన నంద్యాల ప్రభువు కృష్ణమరాజు. రెండింటిలోనూ నాయకుడు రాజు. ఇద్దరికీ ఒకరికి మించిన భార్యలు. ఇద్దరికీ వెనక ఒక చీకటి కథ వున్నది. ఆ చీకటిని ఇద్దరు కవులూ ఎలా నడిపారన్నదే నా ప్రశ్న.

మన అలంకారశాస్త్రం శృంగారనాయకుణ్ణి నాలుగు తరగతులు చేసింది: అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు. ఒక్క భార్యకే కట్టుబడినవాడు అనుకూలుడు. పలువురిని సమానంగా ప్రేమించేవాడు దక్షిణుడు. తప్పు చేసి సిగ్గుపడనివాడు ధృష్టుడు. చాటుగా మోసం చేసేవాడు శఠుడు. చూడగా ఇది చక్కని విభజనే. కాని ఇందులో ఒక పెద్ద లోపం వున్నది. ఇది నాయకుడు భార్యల దగ్గర ఈ పూట ఎలా మసలుతున్నాడో అడుగుతుంది గాని, అతడు అక్కడికి ఏ దారిని వచ్చాడో అడగదు. ఎవరిని జయించి, ఎవరి సొమ్ము తెచ్చి, ఎవరి కన్నీటి మీద అంతఃపురం కట్టాడో శాస్త్రానికి పట్టదు. ముగ్గురు రాణులనూ సమానంగా ఆదరిస్తే చాలు, అతడు దక్షిణుడు. ఇంత సులభంగా మంచి పేరు దొరికే శాస్త్రం రాజులకు నచ్చడంలో వింత ఏమున్నది?

2

మన తరగతిగదులలో మనుచరిత్ర అంటే ప్రవరుని ఘట్టమే. హిమాలయానికి పోయిన బ్రాహ్మణుడు, అతణ్ణి వలచిన అప్సరస, అతని నిగ్రహం. పాఠం అక్కడ ఆగిపోతుంది. కావ్యం మాత్రం ఆగదు. దాని అసలు పేరే స్వారోచిషమనుసంభవం. మార్కండేయపురాణంలోని ఆ మనువు పుట్టుక కథ చెప్పమని రాయలే కోరినట్లు పెద్దన అవతారికలో వున్నది. మారన తెలుగు చేసిన పురాణంలో కొద్దిపాటిగా వున్న ఈ కథను పెద్దన ఆరు ఆశ్వాసాలుగా పెంచాడు. ప్రవరుడు ఆ కథకు వాకిలి మాత్రమే.

ప్రవరుడు వెళ్ళిపోయిన తరువాత వరూధిని విరహంతో వేగిపోతూ వుంటుంది. ఒకప్పుడు ఆమె తిరస్కరించిన గంధర్వుడొకడు అదను చూసుకొని ప్రవరుని వేషంలో వస్తాడు. కలయికవేళ కళ్ళు మూసుకొనివుండాలని నియమం పెడతాడు. రూపం బయటపడుతుందని అతని భయం. ఆమె నమ్ముతుంది. గర్భవతి అవుతుంది. పని తీరిన తరువాత ఏదో సాకు చెప్పి అతడు జారుకుంటాడు. ఆ బిడ్డే స్వరోచి. కావ్యానికి నాయకుడు, మనువుకు తండ్రి.

మోసం జరిగిందని కవికి తెలుసు, పాఠకునికి తెలుసు, గంధర్వునికి తెలుసు. తెలియనిది వరూధిని ఒక్కతెకే. ఆమెకు నిజం చెప్పే సన్నివేశం కావ్యంలో లేదు. నేను ఈ కథ చెప్పిన ఒక తరగతిలో ఒక విద్యార్థిని లేచి, "మరి ఆమెకు ఎప్పుడు తెలిసింది, సార్?" అని అడిగింది. తెలియలేదమ్మా అన్నాను. "అయితే ఆ కథ అయిపోలేదు" అన్నది. ఆ ఒక్క మాటలో వున్నంత విమర్శ నేను చాలా పీఠికలలో చూడలేదు.

స్వరోచి పెరిగి రాజవుతాడు. వేటలో వుండగా మనోరమ అనే కన్య కేక వినబడుతుంది. ఒక మునిని ఎగతాళి చేసినందుకు ఆమెకు శాపం, రాక్షసుడు తరుముతున్నాడు. ఆమెను సమర్థించి మునిని నిందించిన పాపానికి చెలికత్తెలు విభావసి, కళావతి రోగాల పాలయ్యారు. స్వరోచి రాక్షసుణ్ణి కొడతాడు. ఆ రాక్షసుడు ఎవరో కాదు, మనోరమ తండ్రి ఇందీవరాక్షుడే. అతనిదీ ఒక వెనకటి కథ. బ్రహ్మమిత్రుడనే ముని దగ్గర ఆయుర్వేదం నేర్చుకోవాలని పోతే ముని నిరాకరించాడు. ఇతడు కనబడకుండా దాగి శిష్యులకు చెప్పే పాఠమంతా విన్నాడు. విద్య వచ్చేసిందన్న సంతోషం పట్టలేక పగలబడి నవ్వాడు. రాక్షసుడవు కమ్మని ముని శపించాడు.

ఈ ఉపకథ దగ్గర మనం కాస్త నిలబడాలి. రోగాలు కుదిర్చే విద్యను అడిగినవాడికి చెప్పకుండా దాచుకున్న మునికి ఏ శిక్షా లేదు. దాగి విన్నవాడు మాత్రం మనుషులను తినే రాక్షసుడయ్యాడు. చివరికి ఆ దొంగిలించిన విద్య ఎవరికి దక్కింది? కూతురితో పాటు అల్లుడికి దక్కింది. దొంగతనం చేసినవాడి కర్మ శాపంతో తీరిపోయింది. దొంగసొత్తు మాత్రం రాజుగారి ఖజానాలో పవిత్రమై కూర్చున్నది. చరిత్రలో దోపిడీసొమ్ము రాజభాండాగారానికి చేరి ధర్మద్రవ్యంగా మారే పద్ధతిని ఇంతకంటే స్పష్టంగా చెప్పే కథ నాకు మరొకటి తెలియదు.

ఇంకొక లెక్క చూడండి. మనోరమ అస్త్రవిద్య ఇచ్చింది. ఆమె తండ్రి వైద్యం ఇచ్చాడు. ఆ వైద్యంతో స్వరోచి చెలికత్తెలిద్దరి రోగాలూ కుదిర్చి వారినీ పెళ్ళాడాడు. విభావసి సమస్త జంతువుల భాషలు తెలిసే విద్య ఇచ్చింది. కళావతి నిధులను చేకూర్చే పద్మినీవిద్య ఇచ్చింది. ఆయుధం, వైద్యం, వేగు, ధనం: రాజ్యానికి కావలసిన నాలుగు అంగాలూ మూడు పెళ్ళిళ్ళతో సమకూడాయి. దీనిని మనం శృంగారమని చదువుతున్నాం. ఇది రాజ్యాంగం.

3

ఈ మాట కొందరు మిత్రులకు కటువుగా తోచవచ్చు. పదహారో శతాబ్దపు కావ్యాన్ని ఈనాటి కొలబద్దతో కొలవడం అన్యాయం కాదా అని వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు నేను చెప్పనక్కరలేదు, మార్కండేయపురాణమే చెప్పింది.

స్వరోచి ముగ్గురు భార్యలతో విహరిస్తూ వుండగా ఒక ఆడహంస చూసి, ఇటువంటి అన్యోన్యప్రేమ ఎక్కడ దొరుకుతుందని మెచ్చుకుంటుంది. పక్కనున్న చక్రవాకపక్షి ఒప్పుకోదు. మనసు ఒకరి మీదనే నిలుస్తుంది, ముగ్గురి మీద సమానంగా ఎలా నిలుస్తుంది? ఒకతె చూస్తుండగా మరొకతెను కౌగిలించుకునేవాడికి సిగ్గెక్కడిది? ఇతడు వారికి ప్రియుడూ కాడు, వారు ఇతనికి ప్రియురాండ్రూ కారు. విద్యలు వెలగా చెల్లించి కొనుక్కున్న సేవకుని వంటివాడు ఇతడు. ఆ పక్షి మాటల సారాంశం ఇది. తరువాత ఒక మగజింక కూడా తనచుట్టూ మూగిన ఆడజింకలతో, నేను స్వరోచిని కాను పొమ్మంటుంది.

ఈ మాటలు స్వరోచికి ఎలా అర్థమయ్యాయి? భార్య ఇచ్చిన విద్యవల్ల. పెళ్ళిలో పుచ్చుకున్న కట్నమే అతని చెవికి సాక్ష్యం చెప్పింది. అతడు సిగ్గుపడ్డాడు. కాని మానుకోలేదు, ఆపైన కూడా వందల యేండ్లు అలాగే భోగించాడని పురాణం దాపరికం లేకుండా చెబుతుంది.

కాబట్టి బహుభార్యాత్వం మీద ఆక్షేపణ మనం ఇంగ్లీషు చదువులతో దిగుమతి చేసుకున్నది కాదు. పెద్దనకు పూర్వమే ఆ కథలో వున్నది. దానిని మనిషి నోట పెట్టే సాహసం ఆ సమాజానికి లేదు గనక పక్షి నోట పెట్టారు. రాజు ముందు నిజం చెప్పగలిగినది పక్షీ పశువూ మాత్రమే అయిన సమాజం ఎటువంటిదో ఊహించుకోండి.

4

ఇప్పుడు కావ్యం నుంచి కావ్యాన్ని విన్న సభకు వద్దాం. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు రాజ్యం చేశాడు. తిరుమలలో ఆయన విగ్రహానికి ఇరువైపులా తిరుమలదేవి, చిన్నాదేవి నిలబడివుంటారు. మనం చూసే దక్షిణనాయకుని చిత్రం అది. ఆయన కాలంలోనే వచ్చిన పోర్చుగీసువాడు పేస్, రాజుకు పన్నెండుమంది ధర్మపత్నులున్నారనీ, వారిలో ముగ్గురు ముఖ్యులనీ రాశాడు. ఆ ముగ్గురిలో కళింగ గజపతి కూతురు ఒకరు. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు పడిన తరువాత, ఓడినవాడు గెలిచినవానికి ఇచ్చిన పిల్ల ఆమె. అంటే ఆమె పెళ్ళి ఒక సంధిపత్రం. భర్త ఉపేక్షకు గురై ఆమె కంభంలో కాలం గడిపిందని ఐతిహ్యం. ఆమె పేర అయిదు సంస్కృత శ్లోకాలు కూడా చెప్పుకుంటారు. కంభం 1970 వరకు కర్నూలు జిల్లాలోనే వుండేది. ఐతిహ్యం ఎంతవరకు నిజమన్నది వేరే సంగతి. సభలో ఎవరూ చెప్పని కథను మా జిల్లా జనం ఇన్ని వందల యేండ్లు నోటితో మోశారన్నది నిజం.

ఆ రాజుకూ ఒక చీకటి గతం వున్నది. అన్న వీరనరసింహుడు మరణశయ్య మీద నుంచి తమ్ముని కళ్ళు పీకించమన్నాడనీ, మంత్రి తిమ్మరుసు మేక కళ్ళు చూపి కాపాడాడనీ నూనిజ్ విని రాశాడు. తరువాత కుమారుని మరణానికి కారకుడన్న అనుమానంతో అదే తిమ్మరుసు కళ్ళు అదే రాజు పీకించాడనీ అతడే రాశాడు. సభాకవి పెద్దనకు ఇటువంటి విషయాలు రాయవలసిన పని లేదు, రాయగల స్వేచ్ఛ అంతకన్నా లేదు. దండయాత్రలు అవతారికలో కీర్తిగా ప్రవేశిస్తాయి. చీకటి గతం పురాణపాత్రలకు శాపాలుగా బదిలీ అవుతుంది. శాపానికి ఒక గొప్ప సౌలభ్యం వున్నది. దానికి గడువు వుంటుంది. గడువు తీరగానే నేరస్థుడు దివ్యశరీరంతో లేచి నిలబడతాడు; బాధితునికి జవాబు చెప్పే బాధ్యత ఎవరికీ వుండదు.

ఇంతకూ ఈ సభకు అన్నం పెట్టినది ఎవరు? కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం ఆ సంగతి చెబుతుంది. 1369లో మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండు సంవత్సరాల పని. శాసనంలో రాకుమారుని పేరున్నది, వంశం వున్నది, చెరువుకట్టకు వుండవలసిన లక్షణాలూ దోషాలూ వున్నాయి. వెయ్యిమందిలో ఒక్కని పేరు లేదు. వర్షాలు కరువైన ఈ నేల మీద చెరువు కింద పండిన గింజే దుర్గాలకూ గుళ్ళకూ అగ్రహారాలకూ ఆధారం. భూమి అంతా రాజుది, రాజు చేతినుంచి నాయకులది, సాగుచేసేవాడు పంటలో పదింట తొమ్మిది పాళ్ళు నాయకునికి కట్టాలి అని నూనిజ్ రాశాడు. పదింట తొమ్మిది అతిశయోక్తి అని చరిత్రకారులు కొందరంటారు. అయివుండవచ్చు. సగం తగ్గించినా మిగిలేది బతకడానికి చాలే వాటా కాదు. అల్లసానివారి పల్లకి మోసినది రాయల చెయ్యి అని మనం మురిసిపోతాం. ఆ పల్లకి కింద ఇంకా ఎన్ని భుజాలున్నాయో లెక్క పెట్టడం అభ్యుదయ విమర్శకుని పని.

5

సూరన కథ వేరే దారిలో నడిచింది. పెద్దన తరువాతి తరంవాడైన సూరన పురాణాన్ని వదిలి సొంతంగా కథ కల్పించాడు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వవిచారంలో ప్రబంధాలను తూర్పారబట్టినప్పుడు కూడా ఈ కావ్యపు కథానిర్మాణాన్ని మెచ్చుకున్నది ఇందుకే.

కలభాషిణి ద్వారకలో వేశ్యాకులంలో పుట్టిన పిల్ల. ఆకాశంలో పోతున్న నలకూబరుని మీద ఆమెకు మనసు. నారదుని శిష్యుడైన మణికంధరుడు రంభను పొందుతాడు; ఆమె మనసులో నలకూబరుడున్నాడని తెలిసి ఆ రూపం ధరిస్తాడు. కలభాషిణి, కోరిన రూపం ధరించే వరం వల్ల, రంభ అవుతుంది. మాయానలకూబరుడు, మాయారంభ కలుసుకుంటారు. మనుచరిత్రలో మోసం ఒకవైపే వున్నది. ఇక్కడ ఇద్దరూ వేషగాళ్ళే. ఆడదానికి కూడా కోరిక వున్నది, ఎత్తు వున్నది, వేషం మార్చే శక్తి వున్నది. ఈ సమానత్వం తెలుగు కథలో చిన్న విషయం కాదు.

చివరకు సింహవాహన అయిన దేవి గుడి ముందు మణికంధరుని కత్తికి కలభాషిణి బలి అవుతుంది, తన అంగీకారంతోనే. మరుజన్మలో అతడు కళాపూర్ణుడనే రాజు. ఆమె మధురలాలస అనే రాజకుమారి. అభినవకౌముది, మధురలాలస ఇద్దరూ అతని రాణులు. రాజు గతజన్మలో హంతకుడు, అతని రాణి ఆ కత్తికి తెగిన స్త్రీ. ఇంత చీకటి గతం మరే ప్రబంధనాయకునికీ లేదు.

ఈ బలిని కేవలం కల్పన అనుకోకండి. శ్రీశైలంలో మల్లన్న గుడి దగ్గర వీరశిరోమండపమని ఒకటున్నది. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజు అనవేముడు కట్టించాడు. భక్తులు ఆవేశంలో తమ తలలు, నాలుకలు తామే కోసుకొని అర్పించిన చోటు అది. నంద్యాల ప్రభువుకు ఈ కథ వినిపించిన కవికి దేవుని ముందు తల తెగడం విన్న సంగతే, కన్న ప్రాంతమే.

అయితే సూరన ఆ గతాన్ని కప్పిపెట్టలేదు. సభలో, అందరి ముందూ చెప్పించాడు. ఎవరి నోట? పసిబిడ్డగా వున్న మధురలాలస నోట. రాజు తన మణిహారాన్ని ఆ బిడ్డకు వేయగానే ఆమెకు పూర్వజన్మ గుర్తు వచ్చి మాట్లాడుతుంది. వరూధినికి దక్కనిది ఈమెకు దక్కింది: జరిగినది తెలుసుకునే హక్కు, దానిని తానే చెప్పే హక్కు. ప్రేమలో ఎందరున్నారు అన్న లెక్క కంటే, వున్నవారిలో నిజం ఎందరికి తెలుసు అన్నదే నాకు ముఖ్యమైన లెక్కగా కనిపిస్తుంది. ఆ లెక్కలో సూరన పెద్దన కంటే ముందున్నాడు.

కాని సూరనకు కూడా ఒక హద్దున్నది. వేశ్యాకులపు కలభాషిణి ఆ జన్మలో రాణి కాలేదు. కావాలంటే ఆమె తల తెగాలి, రాజు కడుపున మళ్ళీ పుట్టాలి. కులాన్ని దాటించడానికి కవి కల్పనకు చావు తప్ప వేరే వంతెన దొరకలేదు. ఆకాశయానాన్ని ఊహించగలిగిన కవి, రూపాలను తారుమారు చేయగలిగిన కవి, వేశ్య కూతురు సింహాసనం మీద కూర్చోవడాన్ని ఊహించలేకపోయాడు. ఊహకు కూడా ఆర్థిక సామాజిక సరిహద్దులుంటాయన్న సత్యానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

6

ఇదంతా నాలుగు వందల యేండ్లనాటి మాట గదా, ఇప్పుడెందుకు అని విద్యార్థులు అడగవచ్చు. ఇప్పుడు దీని అవసరం మరింత ఎక్కువ. స్వరోచి చావలేదు. అతడు సినిమాతెర మీదికి వచ్చాడు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర వచ్చాయి. ఈ వరస కథలలో నాయకుడు ఎక్కడో సాధువుగా బతుకుతూ వుంటాడు. ఇద్దరో ముగ్గురో నాయికలు అతని చుట్టూ తిరుగుతారు. సగం కథ గడిచాక అతని చీకటి గతం తెర మీద విప్పుతారు: అతడు సీమ ఫ్యాక్షన్ నాయకుడు. ఆ గతం అతణ్ణి తక్కువ చేయదు, వందరెట్లు పెద్దవాణ్ణి చేస్తుంది. జనం ఈల వేస్తారు. పాత ప్రబంధం గతాన్ని శాపంగా మార్చి కడిగింది. కొత్త ప్రబంధం గతాన్నే ఆభరణంగా మార్చి తొడిగింది.

కర్నూలు, కడప పల్లెలలో ఆ గతం ఆభరణం కాదు. నాయకుని మాట మీద కొట్లాటకు పోయి తిరిగిరానివాడు సాధారణంగా అయిదెకరాల మెట్ట రైతు, లేకపోతే ఆ రైతు దగ్గర పనిచేసే కూలి. వాని భార్య కోర్టు వాయిదాలకు తిరిగి పొలం పోగొట్టుకుంటుంది. ఆమె కోసం సినిమాలో వెనకటి కథ చూపించరు. విద్వాన్ విశ్వం పెన్నేటి పాట మొదలు కేతు విశ్వనాథరెడ్డి కథల దాకా సీమ రచయితలు చేసిన పని, తెర వెనక మిగిలిపోయిన ఈ మనుషులను ముందుకు తేవడమే. ఆ రచయితలను చదవడం, ప్రబంధాలను ప్రశ్నించడం రెండు వేర్వేరు పనులు కావని నేననుకుంటాను.

ఉపాధ్యాయ మిత్రులతో ఒక్క మాట. ప్రవరుని నిగ్రహం చెప్పిన రోజునే మాయాప్రవరుని మోసం కూడా చెప్పండి. స్వరోచి పెళ్ళిళ్ళు చెప్పినప్పుడు చక్రవాకం మాట విడిచిపెట్టకండి. పోరుమామిళ్ళ శాసనం, మెకంజీ సేకరించిన మన ఊళ్ళ కైఫీయత్తులు ఆ పాఠం పక్కన పెట్టండి. కడపలో బ్రౌన్ బంగళా వున్న చోటనే వెలసిన పరిశోధన కేంద్రం ఆ కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది. అవి అందని వస్తువులు కావు. విద్యార్థి ఒక చేత్తో పద్యాన్ని, మరొక చేత్తో శాసనాన్ని పట్టుకొని చదవడం నేర్చుకుంటే, పద్యం అందం తగ్గదు. ఆ అందానికి వెల ఎవరు చెల్లించారో తెలుస్తుంది. కథను పూర్తి చేయవలసిన బాధ్యత తనదని కూడా అప్పుడే తెలుస్తుంది.